హాన్స్ స్పేమన్ పండితుని చరిత్రము

మానవుని కంటిలోని కటకము ఒకసారి పోయినయెడల మరల మొలవదు. శుక్లము ముదిరి చూపు మందగించినప్పుడు వైద్యుడు ఆ మసకబారిన కటకమును తీసివైచి దానికి బదులు కృత్రిమ కటకము నమర్చును. వెనుకటి దినములలోనైతే దళసరి అద్దముల కండ్లజోడే గతి. కాని యూరపు ఖండపు చెరువులలోను గుంటలలోను న్యూటు అను చిన్న జంతువొకటి గలదు. చూపునకు బల్లివలె తోకయు నాలుగు కాళ్లును గలిగి, నడవడికలో కప్పకు చుట్టమై, నీటను నేలను జీవించును. ఇది తెలుగుదేశమున లేదు. మన హిందూదేశమున దీని కుటుంబమునకు చెందిన జంతువును చూడగోరువారు డార్జిలింగు కొండలకు పోవలెను. ఈ న్యూటు కంటినుండి కటకమును తీసివేసినయెడల సుమారు నెల దినములలో అచ్చముగా అట్టి కటకమే మరల పెరుగును. అది ఎట్లు పెరుగును? ఎవరి ఆజ్ఞచేత పెరుగును? అసలు గ్రుడ్డులోని పిండమునకు మొదట కన్ను ఏర్పడునప్పుడు కటకము సరిగా కనుపాప వెనుకనే యేల పుట్టవలెను, వీపుమీదనో పొట్టమీదనో యేల పుట్టరాదు? చిన్నపిల్లలు అడుగదగిన ఈ ప్రశ్నల వెంట నలువది సంవత్సరములు నడచిన యొక పండితుని చరిత్రమును ఈ సంవత్సరపు మా సంచికయందు చెప్పదలచితిమి.

హాన్స్ స్పేమన్ 1869 వ సంవత్సరము జూను 27 వ తేదీన జర్మనీదేశమందలి స్టట్‌గార్టు నగరమున జన్మించెను. తండ్రి పుస్తకములను ముద్రింపించి ప్రకటించు వర్తకుడు. నలుగురు బిడ్డలలో హాన్స్ జ్యేష్ఠుడు. ఇంటినిండ పుస్తకములు, చదువునకు లోటు లేదు. పదియేండ్లు ఆ నగరమందలి ఉన్నత పాఠశాలలో చదివి 1888 లో బయటికి వచ్చినపిమ్మట, జ్యేష్ఠపుత్రుడు గనుక తండ్రి వ్యాపారమున నొక సంవత్సరము పనిచేసెను. అనంతరము ఆ దేశపు కట్టడ ననుసరించి సైన్యమున నొక యేడు గుఱ్ఱపుదళమున నుండెను. తరువాత కొంతకాలము హాంబర్గు పట్టణమున పుస్తకముల కొట్టులో కుదిరెను. ఇరువది రెండవ యేటగాని అతనికి తన దారి తెలియలేదు. నేటి తలిదండ్రులు పదునెనిమిదేండ్లకే కుమారుని జీవితమంతయు తేలిపోవలెనని తొందరపడుచున్నారు. వారీ సంగతిని గమనింతురుగాక.

1891 వ సంవత్సరమున స్పేమన్ హైడెల్‌బర్గు విశ్వవిద్యాలయమున వైద్యవిద్యకై చేరెను. మరుసటి యేట క్లారా బిండరు అను కన్యను వివాహమాడెను. ఈ హైడెల్‌బర్గుననే అతనికి గుస్టావ్ వుల్ఫు అను మిత్రుడు లభించెను. వుల్ఫు వయస్సున కొన్ని యేండ్లు పెద్ద. న్యూటు కంటి కటకమును తీసి, అది మరల పెరుగు విధమును పరీక్షించుచుండినవాడు. అతనికంటె ముందు 1891 లో కొలూచీ అను ఇటలీదేశస్థుడు ఈ విషయమునే కనిపెట్టి ప్రకటించి యుండెను గాని ఆ వార్త అంతగా వ్యాపింపలేదు. వుల్ఫు కనుగొన్నదానిలోని వింత యేమనగా, గ్రుడ్డులోని పిండమున కటకము చర్మపు పొరనుండి పుట్టును. పెద్ద న్యూటున మాత్రము పోయిన కటకము చర్మమునుండి గాక, కనుపాప చుట్టునుండు రంగుతెరయొక్క పై అంచునుండి పుట్టును. అచ్చటి జీవకణములు తమ నల్లని రంగును విడిచి, మరల విభాగమొంది, చిన్న సంచిగా నేర్పడి, తేటయైన కటకముగా మారును. ఆ తెరయొక్క క్రింది అంచు మాత్రము ఎన్నడును ఈ పని చేయదు. ఒకే అవయవమును రెండు దారులలో కట్టగల ప్రాణి! వుల్ఫు దీనినిబట్టి డార్విను సిద్ధాంతమును ఖండింపబూనెను. తరువాత పిచ్చివైద్యమున ప్రవేశించి బేసెలు నగరమున స్థిరపడెను. స్పేమన్ ఖండనల జోలికి పోలేదు. కాని ఆ కటకపు ముచ్చట అతని మనస్సున నాటుకొనెను.

వైద్యశాలలో రోగులను చూచు శిక్షణకై అతడు మ్యూనిక్ నగరమునకు పోయెను గాని, అచ్చట నుండగనే తనకు చికిత్సకంటె శోధనయే ప్రియమని నిశ్చయించుకొని 1894 లో వుర్ట్స్‌బర్గు విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రశాలలో చేరెను. ఆ శాలకు పెద్ద థియోడోర్ బోవేరి, జీవకణ శాస్త్రమున మహాపండితుడు. వృక్షశాస్త్రము నేర్పినవాడు యూలియస్ జాక్స్. పదార్థవిజ్ఞానము నేర్పినవాడు రాంట్‌జెను. ఆ మహనీయుడు ఎక్స్ కిరణములను కనుగొన్నది 1895 లో ఆ విశ్వవిద్యాలయమందే. ఇట్టి గురువుల చెంత స్పేమన్ ఒక పరాన్నజీవియగు పురుగుయొక్క పిండవృద్ధిని గూర్చి వ్యాసము వ్రాసి 1895 లో పట్టమును పొందెను.

ఆ మరుసటి సంవత్సరమే క్షయరోగము పైబడెను. 1896 శీతకాలమంతయు ఆరోగ్యశాలలో పరుండవలసి వచ్చెను. చేతిలో పని లేదు. ప్రాణముమీద ఆశయు నిశ్చయము లేదు. అప్పుడతడు ఆగస్టు వైస్‌మన్ వ్రాసిన బీజపదార్థ సిద్ధాంత గ్రంథమును చదివెను. గ్రుడ్డునందలి బీజములో ప్రాణియొక్క అన్ని భాగములకును వలయు నిర్ణయములు కూర్పబడి యుండుననియు, గ్రుడ్డు రెండుగను నాలుగుగను ఎనిమిదిగను చీలినకొలది ఆ నిర్ణయములు పంపకమై యొక్కొక్క కణమునకు ఒక్కొక్క వంతు పోవుననియు వైస్‌మన్ మతము. ఇది సత్యమైనయెడల రెండు కణముల పిండమును వేరుచేసినప్పుడు ఒక్కొక్కటి సగము ప్రాణియే కావలెను. 1888 లో విల్హెల్మ్ రూ అను పండితుడు కప్పపిండమున నొక సగమును కాల్చిన సూదితో చంపగా మిగిలినది సగము పిండముగనే పెరిగెను. కాని హాన్స్ డ్రీష్ సముద్రపు ముళ్లకాయ జంతువుల గ్రుడ్లను అట్లే వేరుచేయగా రెండును చిన్నవైనను పూర్ణప్రాణులే అయ్యెను. ఎవరి మాట నిజము? రోగశయ్యపై నుండిన స్పేమన్, తాను బ్రదికి లేచినయెడల దీనిని పరీక్షింపవలెనని సంకల్పించెను. బ్రదికి లేచెను.

అతడు ఎన్నుకొన్నది న్యూటు గ్రుడ్డు. దాని అడ్డుకొలత సుమారు రెండు మిల్లీమీటర్లు, ఆవగింజయంత. చుట్టును జిగట సంచి యొకటి. దీనిని రెండుగా విభజించుటకు కత్తి పనికిరాదు. సూది పొడిచినయెడల చచ్చును. స్పేమన్ తన పసిబిడ్డ తలవెండ్రుకను తీసి ఉచ్చుగా కట్టి, గ్రుడ్డు నడుమకు తగిలించి, సూక్ష్మదర్శనిక్రింద మెల్లమెల్లగా బిగించెను. పెద్దవారి వెండ్రుక ముతక. పసిబిడ్డ వెండ్రుకయే ఈ పనికి తగినంత మెత్తన. పూర్తిగా బిగించినప్పుడు కొన్ని గ్రుడ్లనుండి రెండు పూర్ణమైన చిన్న న్యూటులు వచ్చెను. కొన్నింటినుండి ఒకటి పూర్ణమైన న్యూటును, మరియొకటి తలయు వెన్నును లేని ఉత్త పొట్టముద్దయు వచ్చెను. సగము మాత్రమే బిగించి విడిచినప్పుడు రెండు తలల పిల్ల పుట్టెను. ఇదియంతయు ఉచ్చు ఏ దిక్కున పడినదో దానినిబట్టి జరిగెను. కావున కణములకు వంతులు పంచిపెట్టబడుట నిజము కాదు; గ్రుడ్డునందు ఏదో యొకచోట మాత్రము వెన్నును తలను కట్టగల శక్తియున్నది; ఆ చోటు దొరికిన సగమే ప్రాణియగును. ఆ చోటేదో అతనికి అప్పుడు తెలియలేదు. ఇరువది సంవత్సరముల పిమ్మట తెలిసెను.

ఈ పనితోపాటే కటకపు ప్రశ్నయు సాగెను. చదువరులు దీనిని గ్రహించుటకు కన్ను పుట్టు విధమును కొంచెము తెలిసికొనవలెను. కప్పపిండముయొక్క వీపుమీద మొదట ఒక బల్లపరుపైన పలక యేర్పడును. అదియే నాడీపలక, దాని అంచులు లేచి ఒకదానితో నొకటి కలిసి గొట్టమగును, ఆ గొట్టమే మెదడును వెన్నుపామును. మెదడు ప్రక్కలనుండి రెండు బుడగలు బయటికి పొడుచుకొని వచ్చి చర్మమును తాకును. తాకినచోట చర్మము దళసరియై, గుంటపడి, తెగి లోనికి వచ్చి కటకమగును. బుడగ తానును గిన్నెవలె లోనికి అణగి రెటీనా అను చూపుపొర యగును. అనగా మన కంటి చూపుపొర మెదడుయొక్క భాగమే, నాడీపదార్థమే. కటకము మాత్రము చర్మపు బిడ్డ. ఇప్పుడు స్పేమన్ వేసిన ప్రశ్న యిది. బుడగ తాకుటచేతనే చర్మము కటకమగుచున్నదా? లేక తాకకున్నను ఆ చర్మము తన కాలమునకు తానే కటకమై, రెండును వచ్చి ఒకచోట కలియుట ముందుగా కుదిరిన పొందికయా?

అతడు తమ దేశపు గోధుమరంగు కప్ప పిండములను తీసికొని, నాడీపలకయందు ఒక ప్రక్క కన్ను పుట్టబోవు చోటును వేడిసూదితో కాల్చెను. రెండవ ప్రక్కను తాకలేదు. పిండము పెరిగెను. తాకని ప్రక్క కన్నును కటకమును చక్కగా నుండెను. కాల్చిన ప్రక్క కన్ను లేదు. కన్ను లేనిచోట చర్మము ఉత్త చర్మముగనే యుండెను, కటకము పుట్టలేదు. ఆ చర్మమును సూది తాకనేలేదు సుమా! బుడగ కొంతభాగము మిగిలి చర్మమును చేరినచోట మాత్రము కటకము పుట్టెను. మిగిలినను చర్మమునకు దూరముగా నిలిచినచోట పుట్టలేదు. 1901 లో ఈ ఫలితమును ప్రకటించినప్పుడు అది పండితలోకమునకు గొప్ప వార్త యయ్యెను. ఒక అవయవము తన ప్రక్కనున్న మరియొక అవయవమును పుట్టించుచున్నది! అమెరికాలో వారెన్ లూయిస్ 1904 లో అదే తర్కమును తలక్రిందుచేసి, కంటిబుడగను కోసి వేరొకచోటి చర్మముక్రింద ఉంచగా అచ్చటను కటకము పుట్టెనని ప్రకటించెను. ఇంతటితో సంగతి తేలినట్లే కనబడెను.

తేలలేదు. బొహీమియాలో మెంక్లు అను నతడు వికారముగా పుట్టిన చేపపిండమున కన్ను లేకయే కటకముండుట చూచెను. అమెరికాలో హెలెన్ డీన్ కింగు అను విదుషీమణి కప్పలలోనే అట్టిది చూచెను. ఎవరైనను తమ పేరు నిలిపిన ప్రయోగమును ఇట్లు పదుగురు ప్రశ్నించినప్పుడు, ఆ పదుగురి చేతివాటమందే తప్పున్నదనుట సులభము. స్పేమన్ అట్లు చేయక మరల పరీక్షకు దిగెను, ఈసారి వేరు జాతి కప్పలతో. పసుపుపొట్ట కప్పయందు మునుపటివలెనే, బుడగ లేనిదే కటకము లేదు. కాని యూరపువారు తినెడి పచ్చకప్పయందు కంటిచోటును పూర్తిగా తీసివేసినను కటకము తనంతట తానే పుట్టెను! స్వహస్తముతో చేసిన ప్రయోగమే తన సిద్ధాంతమునకు విరోధముగా సాక్ష్యము పలికెను. 1907 లోను, మరల సవిస్తరముగా 1912 లోను, అతడు దీనిని ఉన్నది ఉన్నట్లు ప్రకటించెను. దగ్గరి చుట్టములగు కప్పజాతులలోనే ఒకదానికి నాడీబుడగ అవసరము, మరియొకదానికి అనవసరము! మా అభిప్రాయమున స్పేమన్ జీవితమున నోబెలు బహుమానముకంటె ఈ 1912 నాటి వ్యాసమే ఘనమైనది. పది సంవత్సరముల తన కీర్తిని పణముగా పెట్టి వ్రాసిన వ్రాత అది.

ఈ చిక్కు చాలకాలమునకుగాని విడలేదు. ఇప్పుడు తెలిసినది క్లుప్తముగా చెప్పెదము. చర్మము కటకమగుట ఒక్క తాకుడుతో జరుగునది కాదు. కంటిబుడగ చేరకముందే, క్రిందనుండి పేగుపొరయు, తరువాత గుండె పుట్టబోవు పదార్థమును ఆ చర్మమును సిద్ధపరచుచుండును. నాడీబుడగ చివర వచ్చి ముగించును. 1950 తరువాతి దశాబ్దములలో ఆంటోన్ జేకబ్‌సన్ అమెరికా న్యూటులతో దీనిని నిరూపించెను. కొన్ని జాతులలో ముందరి సిద్ధపాటే చాలును. కొన్నింటిలో చివరి తాకుడు తప్పదు. మరియు లూయిస్ ప్రయోగమున, బుడగతోకూడ కొద్దిగా పాతచోటి చర్మము అంటుకొని వచ్చియుండవచ్చుననియు, ఏ కణము ఎవరిదో గుర్తు లేనందున ఆయన దానిని కనిపెట్టలేకపోయి యుండవచ్చుననియు 1988 లో గ్రెయింజరును అతని సహచరులును చూపిరి. గుర్తు లేకపోవుటయే ఆనాటి శోధకుల కందరకును పెద్ద కొరత.

ఆ కొరతను తీర్చినవాడును స్పేమనే. 1908 లో అతడు రోస్టాకు విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, 1914 లో బెర్లిను చెంత డాలెమునందలి కైజర్ విల్హెల్మ్ జీవశాస్త్ర సంస్థకు ఉపాధ్యక్షుడై పోయెను. యుద్ధకాలమంతయు అచ్చటనే పనిచేసెను. చర్మము కావలసిన ముక్కను నాడీపలక కావలసినచోటను, దానిని దీని చోటను అంటుగట్టి చూచెను. పిండము లేతగా నున్నప్పుడు ముక్క తాను పోయిన చోటి ధర్మమును పట్టును. ముదిరిన పిమ్మట తాను వచ్చిన చోటి ధర్మమును విడువదు. ఈ మార్పు కొద్ది గంటల తేడాలో జరుగును. 1919 లో ఫ్రైబర్గు విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రాచార్యుడుగా ప్రవేశించినపిమ్మట, రంగున భేదించు రెండు జాతుల న్యూటులను జతపరచి వాడసాగెను. ఒకదాని పిండము తెల్లన, రెండవదాని పిండము నల్లన. తెల్లదాని ముక్కను నల్లదానిలో అంటుగట్టినయెడల ఏ కణము ఎవరిదో సూక్ష్మదర్శనిలో స్పష్టముగా తెలియును. ఎంత సులభమైన ఉపాయము! అయినను అంతకుముందు ఎవరికిని పూర్తిగా పొసగినది కాదు.

ఈ ఉపాయముతో ముఖ్యప్రయోగమును చేసినది హిల్డే ప్రోష్‌హోల్టు అను విద్యార్థిని. 1898 లో గోథా పట్టణమున పుట్టి, పట్టపు వ్యాసమునకై స్పేమన్ చెంత చేరినది. తరువాత అతని శిష్యుడగు ఓటో మాంగోల్డును వివాహమాడి హిల్డే మాంగోల్డు అయ్యెను. 1921, 1922 సంవత్సరముల వసంతకాలములలో ఆమె పని జరిగెను. న్యూటులు గ్రుడ్లు పెట్టునది వసంతముననే. ఆ కొద్ది వారములు తప్పినయెడల మరుసటి యేటివరకు ఊరకుండవలసినదే. పిండపు పొరలు లోనికి మడుచుకొని పోవు చిన్న రంధ్రము కలదు. దాని పై పెదవినుండి తెల్లని ముక్కను తీసి నల్ల పిండముయొక్క పొట్టవైపున ఆమె అంటుగట్టెను. ఆ కాలమున క్రిములను చంపు మందులు లేవు. పుండుపడిన పిండములు నీటిలోనే కుళ్లిపోవుచుండెను. వందలకొలది శస్త్రక్రియలకు గాను బ్రదికినవి బహు కొద్ది. ఆ కొద్దిలోనే వింత కనబడెను. నల్ల పిండపు పొట్టమీద రెండవ పిండము పెరిగెను, నాడీగొట్టముతోను వెన్నుతోను. దానిని పరీక్షింపగా అందు తెల్ల కణములు కొన్నియే. నాడీగొట్టమంతయు దాదాపు నల్ల కణములతోనే కట్టబడెను. అనగా అంటుగట్టిన ముక్క తాను నాడి కాలేదు. తన చుట్టునున్న పరాయి చర్మమును నాడీమండలము కమ్మని పురికొల్పెను. వెండ్రుక ఉచ్చుతో వెదకిన చోటు ఇదియే. స్పేమన్ దీనికి నిర్మాణమును నడపునది అను అర్థముగల పేరు పెట్టెను. మేము నిర్వాహకమని యందుము.

ఆ వ్యాసము 1924 లో అచ్చయ్యెను. ఆ సంవత్సరము సెప్టెంబరు మాసమున హిల్డే బెర్లినులోని తన యింట పొయ్యి మండి బట్టలంటుకొని, ఆ కాలిన గాయములతో మరణించెను. ఇరువదియారేండ్లు నిండలేదు, చంటిబిడ్డ తల్లి. తన వ్రాత పండితలోకము నంతను కదలించుట ఆమె చూడలేదు. ఆ వ్యాసముపై గురువు పేరు ముందును, శిష్యురాలి పేరు వెనుకను ఉన్నది. స్పేమన్ తన ఇతర శిష్యుల వ్యాసములను వారి పేరనే ప్రకటింపనిచ్చినవాడు. దీనికి మాత్రము తన పేరు ముందుగా చేర్చెను. ఆలోచన గురువుదే, నిజము. అయినను చేతిపని ఆమెది. దీనిని గూర్చి తరువాతివారు ఆక్షేపించిరి. వారి ఆక్షేపణ న్యాయమనియే మాకు తోచుచున్నది.

1935 లో నిర్వాహకమును కనుగొనినందులకు స్పేమన్‌కు వైద్యశాస్త్రమునందలి నోబెలు బహుమాన మొసగబడెను. ఆ సంవత్సరపు బహుమానము అతనికొక్కనికే. అదే యేట అతడు ఉద్యోగమునుండి విరమించెను. అప్పటికే కష్టములు కొన్ని మొదలై యుండెను. 1932 లో అతని శిష్యులును తానును కలిసి ప్రకటించినదేమనగా, నిర్వాహకమును చంపి అంటుగట్టినను అది ఇంకను నాడీపదార్థమును పుట్టించుచున్నది! చచ్చినది ఆజ్ఞ యిచ్చుట ఎట్లు? అయితే అది జీవశక్తి కాదు, ఏదో రసాయన ద్రవ్యమే కావలెను. ఆ ద్రవ్యమునకై అనేకులు ఏండ్లకొలది వెదకి విసిగిరి. పిండపు నిర్మాణమును మనస్సుయొక్క వ్యాపారమునకు పోల్చుట స్పేమన్‌కు చివరివరకు ఇష్టము. రసాయనశాస్త్రజ్ఞులు దానిని మెచ్చలేదు. నిర్వాహకమునుండి వెలువడు నాగిన్ అను ద్రవ్యము దొరికినది 1992 లో. అతని శిష్యులలో ప్రసిద్ధుడగు విక్టర్ హాంబర్గరు అమెరికాలో నుండగా, 1933 లో యూదుల వంశమువాడను కారణముచేత ఫ్రైబర్గు ఉద్యోగమునుండి తొలగింపబడి అచ్చటనే నిలిచిపోయెను. నాడుల పెరుగుదలను గూర్చి ఆయన చేసిన కృషి జగద్విదితము.

స్పేమన్ 1933 లో అమెరికాదేశమందలి యేల్ విశ్వవిద్యాలయమున ఉపన్యాసము లిచ్చెను. అవి 1938 లో గ్రంథముగా వెలువడెను. అందు పెరిగిన ప్రాణియొక్క కణపు కేంద్రమును తీసి ఖాళీ గ్రుడ్డునందు ఉంచినయెడల ఏమగునో చూడవలెనని యొక ప్రయోగమును సూచించి, అది అసాధ్యముగా తోచునని తానే యొప్పుకొనెను. 1996 లో స్కాట్లండున డాలీ అను గొఱ్ఱెపిల్ల పుట్టినది ఆ దారినే. 1941 సెప్టెంబరు మాసమున స్పేమన్ ఫ్రైబర్గు చెంత మరణించెను. అతడు వ్రాసికొనిన స్వీయచరిత్రము 1943 లో ప్రకటింపబడెను.

ఇక వుల్ఫుగారి న్యూటు సంగతి మిగిలియున్నది. పిండమున నాడీబుడగ చర్మమును కటకము చేయునట్లు, పెరిగిన న్యూటున రంగుతెరను కటకము చేయునది యేది? యేల్ విశ్వవిద్యాలయపు లియోన్ స్టోను 1950 తరువాత దీనిని శోధించెను. కటకమును తీసి, రంగుతెరకును రెటీనాకును నడుమ పలుచని అడ్డుతెర నొకదానిని ఉంచగా కటకము పెరుగలేదు. రెటీనాను కూడ తీసివేయగా కటకపు పెరుగుదల నిలిచిపోయెను. న్యూటు తన రెటీనానుగూడ మరల పెంచుకొనగలది గనుక, అది పెరిగిన పిదపనే కటకమును పెరిగెను. ఇచ్చటను నాడీపదార్థమే ఆజ్ఞాపించుచున్నది! అయితే స్పేమన్ చూచిన చిక్కు ఇచ్చటను కలదు. ఆ తెర ముక్కను న్యూటుయొక్క తెగి పెరుగుచున్న కాలి మొదట ఉంచినను కటకము పుట్టుట 1973 లో చూచిరి. అచ్చట రెటీనా ఎక్కడిది? రెటీనా ఇచ్చు ద్రవ్యమువంటిది మరియొకచోటను దొరకవచ్చునన్నమాట. ఆఫ్రికాదేశపు గోళ్లకప్పయొక్క తోకకప్పలు రంగుతెరనుండి గాక కంటి ముందరి తేటపొరనుండి కటకమును పెంచుకొనునని ఫ్రీమను 1963 లో కనుగొనెను. వానికిని రెటీనానుండి వచ్చు ద్రవ్యము వలయును. కప్ప పెరిగి తోక పోయినప్పుడు, లోపలి పొర గాయమును త్వరగా మూసివేయుటచేత ఆ ద్రవ్యము ముందరి పొరను చేరజాలదు; కటకమును పుట్టదు.

ఆ ద్రవ్యములలో ముఖ్యమైనవి ఎఫ్.జి.ఎఫ్. అను పేరుగల మాంసకృత్తులు. 2004 లో జపానుదేశపు పండితులు వానిలో రెండవదానిని కటకము చెక్కుచెదరని న్యూటు కంటిలోనికి ఎక్కించగా, ఉన్న కటకము ఉండగనే రంగుతెర పై అంచునుండి రెండవ కటకము పుట్టెను. ఆ దేశపు గోరో ఎగుచీ పండితుడు కొన్ని న్యూటుల కటకములను మరల మరల తీయుచు పదునారు సంవత్సరములలో పదునెనిమిదిసారులు తీసెను. 2011 లో ఆ ఫలితము ప్రకటింపబడునాటికి ఆ న్యూటులకు ముప్పదియేండ్లకు తక్కువ వయస్సు లేదు. పదునెనిమిదవసారి పెరిగిన కటకమును పడుచు న్యూటు కటకముతో పోల్చి చూడగా రెంటికిని భేదము కనబడలేదు.